సోఫా మీద ఎవరో కూర్చున్నారు

పరాయి దేశంలో మనవాళ్ళు ఒక జంట మూడు నెలల పాటు నివసించిన ఫ్లాటులో సోఫాకు గానీ, మంచానికి గానీ, నాలుగు పొయ్యిల స్టవ్వుకు గానీ ఎటువంటి అసౌకర్యమూ కలగలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. జంట సౌకర్యం గురించి ఎవరూ అడగలేదు కనుక ఆ వివరాలు కాస్త ఆలస్యంగా అందుతున్నాయి.

శ్రీవారికి కొత్త ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు వెతుక్కునేదాకా ఇందులో ఉండమని కంపెనీవారు సామానుతో సహా ఈ ఫ్లాటు ఇచ్చారు. తలుపు తీయగానే ఇల్లాలి చూపు కిటికీ పక్కనున్న మీగడరంగు సోఫా మీద పడింది. అందుకు కారణం ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడది ఉమ్మడి కాపురం. హాల్లో మామగారి పేపరు, వంటింట్లో అత్తగారి పెత్తనం, మిగిలిన గదిలో మరిది చదువు. మొగుడూ పెళ్ళాలు నాలుగు మాటలు చెప్పుకోవాలంటే నీళ్ళ మోటారు వేసిన సమయం చూసుకోవాలి. ట్యాంకు నిండిందంటే సంసారం ఆగిపోయేది. కాబట్టి విమానంలో వస్తూ ఆవిడ గొప్ప కోరికలేమీ కోరుకోలేదు. ఆ ఫ్లాటు ఖాళీ చేసేలోగా ఒక్క సాయంత్రమైనా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, గొంతు తగ్గించకుండా మాట్లాడుకుంటూ కాఫీ తాగాలి. అంతే.

ఆవిడ సోఫా వైపు రెండడుగులు వేసింది.

“ఆగు!” అన్నారు శ్రీవారు.

“ఏమైందండీ, తేలుందా?”

“అది మనది కాదు.”

తరువాత శ్రీవారు సూట్‌కేసు మీద చెయ్యి ఆనించి, సభను ఉద్దేశించి ప్రసంగించారు. సభలో ఇల్లాలు ఒక్కతే ఉన్నా, గొంతు మాత్రం వెనక వరుసల దాకా వినబడేట్టు పెట్టారు.

“మనం వెళ్ళాక వాళ్ళొచ్చి చూస్తారు. ఒక్క మరక కనబడిందనుకో, ఫలానావాడు చేశాడని అనరు. ఆ దేశంవాళ్ళంతా ఇంతే అంటారు. కోట్లమంది పరువు ఈ సోఫా మీద ఉంది, తెలుసా?”

“అదా సంగతి! అందుకే మనకి చోటు లేదన్నమాట,” అంది ఇల్లాలు.

ఆ పూటే అత్యవసర చర్యలు మొదలయ్యాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు దుప్పట్లూ సోఫాకు కప్పారు. మంచానికి అప్పటికే తెల్లటి దుప్పటి ఉంది గనుక దాన్ని నలపడం భావ్యం కాదని, మంచానికీ గోడకూ మధ్యనున్న సందులో బొంత పరుచుకుని పడుకున్నారు. తివాచీని చుట్టి మంచం కిందికి తోశారు. తివాచీ తీసేశాక చెక్కనేల బయటపడింది. దాని నునుపు చూసి, నడిస్తే గీతలు పడతాయని శ్రీవారు తేల్చారు. నాటి నుంచీ ఇద్దరూ గోడల వెంబడే నడిచేవారు. గది మధ్యలో ఏదైనా పడితే చీపురుతో ఇవతలికి లాక్కునేవారు.

వంట సమస్య కొంత చర్చకు దారితీసింది. పోపు పెడితే వంటింటి గోడలకు వాసన పట్టేస్తుంది. స్నానాలగదికి పలకల గోడలు, గాలి బయటికి లాగే ఫ్యాను ఉన్నాయి కనుక, చిన్న కరెంటు పొయ్యిని వాష్‌బేసిను పక్కన ప్రతిష్ఠించారు. ఒకరు స్నానానికి వెళితే ఇంకొకరు పప్పు దించుకుని బయటికి రావాలి. ఆ పప్పు కూడా తెల్లగా ఉండేది. మరక పడితే పోదని పసుపును ఇంట్లో నిషేధించారు. ఆవకాయకు మాత్రం బాల్కనీలో, పాత పేపరు మీద, గాలి లేని రోజుల్లో అనుమతి ఉండేది.

అత్తగారు వీడియో కాల్ చేశారు. నేల మీద కూర్చున్న కొడుకు వెనక దుప్పటి గుట్ట కనబడింది.

“ఒరేయ్ అబ్బాయ్, ఆ వెనకున్నది మనదేనా?”

“కంపెనీ సోఫా అమ్మా.”

“అయితే కాస్త ముందుకి జరుగు నాయనా, తల నూనె అంటుకుంటుంది. అమ్మాయ్, వాడసలే పరాకు మనిషి. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి!”

“అలాగే అత్తయ్యగారూ. నేను దాని వంకే చూస్తూ ఉంటాను,” అంది ఇల్లాలు. ఆ మాటలో అబద్ధం లేదు.

రోజులు గడిచేకొద్దీ ఆవిడకో విషయం బోధపడింది. అక్కడ హాల్లో మామగారు ఉండేవారని కూర్చోలేదు. ఇక్కడ హాల్లో సోఫా ఉందని కూర్చోవడం లేదు. అక్కడ వంటిల్లు అత్తగారిది; ఇక్కడ వంటిల్లు స్టవ్వుది. పైగా మామగారు అప్పుడప్పుడూ ఊరికి వెళ్ళేవారు. సోఫాకు చుట్టాలు లేరు.

ఒక మధ్యాహ్నం శ్రీవారు ఆఫీసులో ఉండగా, ఆవిడ దుప్పట్లు తీసి, ఆ సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని కాసేపు కూర్చుంది. మళ్ళీ అన్నీ యథాప్రకారం కప్పేసింది. సాయంత్రం శ్రీవారు బూట్లు విప్పుతూనే శిలైపోయారు.

“సోఫా మీద ఎవరో కూర్చున్నారు!”

“ఎలా చెప్పగలరు?”

“అదిగో, దుప్పటి అక్కడ గుంట పడింది.”

“దొంగలేమోనండీ,” అంది ఇల్లాలు. “వచ్చి, కాసేపు కూర్చుని, ఏమీ నచ్చక వెళ్ళిపోయుంటారు.”

శ్రీవారు నవ్వలేదు. గుంటను అరచేత్తో నిమిరి సరిచేశారు. పెళ్ళయ్యాక ఆయన అంత మృదువుగా దేన్నైనా నిమరడం ఆవిడ చూడటం అదే మొదటిసారి.

ఈలోగా అద్దె ఇల్లు దొరికింది. ఖాళీ చేసే ముందు కంపెనీ తరపున ఒక ఆఫీసరమ్మ చూడటానికి వచ్చారు. శ్రీవారు కొత్త చొక్కా తొడుక్కుని, దుప్పట్లు తొలగించి, ఫ్లాటును శిలాఫలకంలా ఆవిష్కరించారు. ఆవిడ స్టవ్వు చూశారు. ధూళి కూడా లేదు. కప్పులు తిరగేశారు. అడుగున అంటించిన చీటీలు అలాగే ఉన్నాయి. మంచం మీద దుప్పటి మడత చెదరలేదు. ఆవిడ ముఖంలో అనుమానం మొదలైంది.

“మీరు ఇక్కడే ఉంటున్నారా?”

“ఇక్కడేనండీ,” అన్నారు శ్రీవారు గర్వంగా.

“అంటే, ఎక్కడ?”

“ఎక్కువగా బాత్‌రూములో,” అంది ఇల్లాలు. “కాఫీ అక్కడే పెడతాను, తాగుతారా?”

ఆఫీసరమ్మ వద్దన్నారు. శ్రీవారు మాత్రం పట్టలేకపోయారు. “మా తర్వాత వచ్చేవాళ్ళకి ఈ సోఫా మీద ఇదివరకెవరూ కూర్చోలేదనే అనిపించాలి మేడమ్. అదే మా ఆశయం!”

“తర్వాత వచ్చేవాళ్ళకి ఇదెందుకిస్తాం?” అన్నారావిడ ఆశ్చర్యంగా. “ఒకరు ఖాళీ చేయగానే సోఫా, పరుపు, కప్పులు అన్నీ బయట పారేస్తాం. కొత్తవాళ్ళకి కొత్తవే. శుభ్రత విషయంలో మా కంపెనీ రాజీపడదు.”

“ఎవరూ కూర్చోకపోయినా?”

“కూర్చోలేదంటే మాత్రం ఎవరు నమ్ముతారండీ?”

శ్రీవారు ఆసరాకోసం చుట్టూ చూశారు. సోఫా ఎదురుగానే ఉంది. అయినా నిలబడే తట్టుకున్నారు. అంతటి నిగ్రహం మహానుభావులకే సాధ్యం.

ఖాళీ చేసిన రోజు పొద్దున్నే ఇద్దరు కూలీలు సోఫాను కిందికి దించి, లారీ కోసం ఫుట్‌పాత్ మీద పెట్టి వెళ్ళారు. పక్కనే అట్టపెట్టెలో కప్పులు. దంపతులు సూట్‌కేసులతో టాక్సీ కోసం నిలబడ్డారు. ఇల్లాలు ఒకసారి సోఫా వంక చూసింది. వెళ్ళి, నిండుగా, వెనక్కి వాలి కూర్చుంది. పెట్టెలోంచి రెండు కప్పులు తీసి, ఫ్లాస్కులోని కాఫీ పోసింది.

“అవి వాళ్ళవే!” అన్నారు శ్రీవారు.

“పారేశారండీ. ఇప్పుడివి ఎవరివీ కావు. మనకి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు, రండి.”

శ్రీవారు వీధి ఆ చివరా ఈ చివరా చూశారు. జేబులోంచి రుమాలు తీసి, సోఫా అంచున పరిచి, దాని మీద కూర్చున్నారు.

“రుమాలెందుకండీ ఇంకా?”

“ఏమో, మాసిపోతుందేమోనని.”

జనం వాళ్ళను దాటుకుంటూ పోతున్నారు. ఇల్లాలు గొంతు తగ్గించకుండా కబుర్లు చెప్పింది. శ్రీవారు గుసగుసగా ఊకొట్టారు. లారీ వచ్చి, ఇంటి దగ్గరి నీళ్ళ మోటారులా చప్పుడు చేస్తూ పక్కన నిలిచాకే ఆయనకు ధైర్యం వచ్చింది.

“మెత్తగా ఉందే!” అన్నారు గట్టిగా.

కొత్త ఇంటికి వాళ్ళ డబ్బుతో, వాళ్ళ పేరుతో, వాళ్ళు ఎంచుకున్న సోఫాయే వచ్చింది. దాని మీద దళసరి ప్లాస్టిక్ కవరు ఉంది. ఇల్లాలు కత్తెర తెచ్చింది. శ్రీవారు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా ఒకే మాట అన్నారు.

“ఎవరైనా వచ్చినప్పుడు తీద్దాంలే.”

ఆ వచ్చేవారెవరో ఇంతవరకూ తెలియరాలేదు. మీ అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు, చుట్టాల కోసం దాచిన కొత్త దుప్పట్లు, ఇంకా కవరు విప్పని రిమోటు, ఇవన్నీ ఏళ్ళ తరబడి ఎవరి కోసం ఎదురుచూస్తున్నాయో, ఇక్కడికి రావలసింది కూడా బహుశా ఆ అతిథే కావచ్చు. మీ ఇంటికి ముందుగా వస్తే, దయచేసి ఒకసారి ఇటు కూడా పంపగలరు. ఇల్లాలు కత్తెర కింద పెట్టలేదు.