డాక్టరుగారడిగిన మందు

కొల్లేరు లంకల్లో ముప్పై ఎనిమిదేళ్లుగా వైద్యం చేస్తున్న కెప్టెన్ డాక్టర్ భీమశంకరంగారిని ప్రభుత్వం మరిచిపోలేదనీ, మరిచిపోయినట్టు కనిపించడం కేవలం సాంకేతిక లోపమనీ మంత్రిగారు ఏలూరు గెస్ట్ హౌస్‌లో ప్రకటించారు. వచ్చే ఆదివారం వట్లూరు దగ్గర మైదానంలో ఆయనకు ‘వీరవైద్య మహాసత్కారం’ జరుగుతుందన్నారు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికో మిలట్రీ ఆయన ఉన్నాడనీ, ఇంటికి నాలుగేసి ఓట్లున్నాయనీ మాత్రం మంత్రిగారు ప్రకటించలేదు. అంతటి నిగ్రహం అందరికీ ఉండదు.

సత్కార కమిటీ కన్వీనరుగా ఫణికిరణ్‌ను వేశారు. అతను పార్టీ పట్టణ కార్యదర్శి. పదకొండేళ్లుగా మంత్రిగారి కారు తలుపు తీస్తూ, వేస్తూ ప్రజాసేవలో ఉన్నవాడు. ఈ సభ గట్టెక్కితే మార్కెట్ యార్డు చైర్మన్ పదవి నీదేనని మంత్రిగారు అతని చెవిలో వేశారు. ఆ మాట చెవిలో పడ్డాక వారం రోజులపాటు ఫణికిరణ్‌కు వేరే మాటేదీ సరిగా వినిపించలేదు. జరిగిందంతా అందువల్లే జరిగింది గనక అతన్ని తప్పుపట్టడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే కైకలూరు మీదుగా లంకకు వెళ్లాడు. అక్కడొక ప్రభుత్వాసుపత్రి ఉంది. అందులోకి డాక్టర్ని వెయ్యడానికి ప్రభుత్వానికి తీరిక దొరకలేదు గనక భీమశంకరంగారే జీతం లేకుండా కూర్చుంటున్నారు. వయసు డెబ్భై తొమ్మిది. నడుం మాత్రం ఇంకా పెరేడ్‌లోనే ఉన్నట్టుంటుంది. ఆయన వెనక గోడకు వేలాడే పలక మీద నర్సు సుందరమ్మ సుద్దముక్కతో గుండ్రంగా రాసిపెట్టింది: ‘పాముకాటు మందు – నిల్వ సున్నా’.

పోయిన వానాకాలం చేపల చెరువు గట్టు మీద తోమా అనే కూలీని రక్తపింజర కరిస్తే, ఏలూరు చేరేసరికి ఆలస్యమై, మనిషి దక్కాడు గానీ కుడిచేతి వేళ్లు రెండు దక్కలేదు. ఆ వేళ్లను డాక్టరుగారు మరిచిపోలేకపోయారు. అప్పటినుంచి నలభై ఒక్క సోమవారాలు మందు కోసం అర్జీ పెట్టారు. నలభై ఒక్క మంగళవారాలు ‘మీ అర్జీ పరిష్కరించబడినది, తృప్తి చెందితే ఒకటి నొక్కండి’ అని ఆయన ఫోనుకు మెసేజీ వచ్చింది. పరిపాలన ఇంత చురుగ్గా ఉంటే కిట్టనివాళ్లు ఏవేవో అంటారు. మళ్లీ వానలు ఇంకో పదిహేను రోజుల్లో ఉన్నాయి.

ఫణికిరణ్ ఆ పలకకు వీపు ఆనించి డాక్టరుగారితో సెల్ఫీ దిగాడు.

"మీకేం కావాలో కనుక్కుని రమ్మన్నారండీ మంత్రిగారు. మొహమాటపడకండి."

"మొహమాటమేముందండీ, మందు కావాలి" అన్నారు డాక్టరుగారు. "ఇక్కడ చుక్క లేదు. వానలు పడ్డాయంటే మందు లేకుండా ఈ లంకలో బతకలేమండీ."

ఫణికిరణ్‌కు ముచ్చటేసింది. ఎందరో పెద్దమనుషుల్ని చూశాడు గానీ, ఇంత నిష్కపటంగా నోరు తెరిచి అడిగినవాళ్లు లేరు. ఎంతైనా మిలట్రీ మనిషి అనుకున్నాడు.

"ఎంత కావాలండీ?"

"మనిషికి పది సీసాలైనా ఉండాలండీ. ఒక్కోసారి ఇరవై కూడా పడుతుంది."

"ఒక్క మనిషికేనా అండీ?"

"ఆయ్. అయితే ఒక్కసారిగా ఎక్కకూడదండీ, ప్రమాదం. గంటసేపు నిదానంగా ఎక్కించాలి. నేను పక్కనే కూర్చుని చూసుకుంటాను లెండి."

"మీరుండగా భయమేంటండీ."

"చల్లగా తేవాలి, మర్చిపోకండి. ఐసులో పెట్టి తెండి."

"అది మాకు ఒకరు చెప్పాలాండీ" అన్నాడు ఫణికిరణ్ కాస్త నొచ్చుకుని.

సుందరమ్మ గుమ్మందాకా సాగనంపుతూ, "ఈసారన్నా తప్పకుండా తెండి బాబూ. డాక్టరుగారు నిద్దట్లో కూడా ఆ మందే కలవరిస్తున్నారండీ" అని చేతులు పట్టుకుంది.

సాయంత్రం ఫణికిరణ్ ఈ సంగతి మంత్రిగారికి విన్నవించాడు.

"మనిషికి పది సీసాలా?"

"మామూలు రోజుల్లోనండీ. ఒక్కోసారి ఇరవై అంటండీ."

"డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో" అన్నారు మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడి. "మన సరిహద్దులు ఊరికే నిలబడ్డాయా మరి! వంద సీసాలు పెట్టించవయ్యా."

ఫైలు కలెక్టరాఫీసులో ఉమాకుమారిగారనే అధికారిణి బల్ల మీదికి వెళ్లింది. ఆవిడ నియమనిబంధనలు క్షుణ్ణంగా చదివిన మనిషి.

"మందంటే ఆరోగ్యశాఖ కదండీ?" అని అడిగారు.

"మిలట్రీ మందండీ" అన్నాడు ఫణికిరణ్.

"అలా చెప్పండి మరి" అని ఫైలును ఎక్సైజ్ శాఖకు పంపించారు. ఒక ఫైలు ఏ శాఖకు వెళ్లాలో పది నిమిషాల్లో తేలడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి. ఉమాకుమారిగారు ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నారు.

ఆదివారం వచ్చింది. వేదిక ముందు ఫణికిరణ్ ఏకంగా కొల్లేరునే తెచ్చి పెట్టాడు. టార్పాలిన్ పరిచి, నీళ్లు పోసి, రెండు ట్రాక్టర్ల గుర్రపుడెక్క లంకనుంచి పచ్చిపచ్చిగా తోలించాడు. కొల్లేరులో ఏటేటా తగ్గిపోతున్న కొల్లేరు వట్లూరులో కొంతైనా పెరిగినందుకు పత్రికలవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. మధ్యలో చక్రాలున్న పడవ. అందులో నిలబెట్టి డాక్టరుగారిని లాక్కొచ్చారు. యూనిఫాం మీద పతకాలు, చేతిలో మందులు పెట్టుకునే ఖాళీ ఐసుపెట్టె. పక్కన సుందరమ్మ. పార్టీ కార్యకర్తలకు అలవాటైన నినాదం ఒకటే గనక "జోహార్ డాక్టరుగారూ" అని గొంతులు చించుకున్నారు. తనను చచ్చినవాళ్లలో కలిపేశారని తెలిసినా, డాక్టరుగారు మర్యాదగా సెల్యూట్ కొట్టారు.

"ఒక చేత్తో తుపాకీ, ఒక చేత్తో సూది పట్టుకుని శత్రువును గడగడలాడించిన మహావీరుడు!" అన్నారు మంత్రిగారు మైకులో.

"నేను తుపాకీ పేల్చలేదండీ, జ్వరాలు చూశాను" అన్నారు డాక్టరుగారు ఫణికిరణ్ చెవిలో.

"ఫొటో వరకేనండీ" అని ఫణికిరణ్ ఆయన చేతిలో కొయ్య తుపాకీ పెట్టాడు.

తర్వాత నలుగురు కార్యకర్తలు బంగారురంగు కాగితం చుట్టిన చేపల థర్మాకోల్ పెట్టె మోసుకొచ్చారు. డాక్టరుగారి చిరకాల వాంఛ ఈ వేదిక మీదే తీరుతోందనీ, అడిగిన మందు అడిగినట్టు ఐసులోనే వచ్చిందనీ మంత్రిగారు చెప్పారు. సుందరమ్మ తాము తెచ్చుకున్న ఐసుపెట్టె మూత తీసి సిద్ధంగా పట్టుకుంది. డాక్టరుగారు తుపాకీ పక్కన పడేశారు. థర్మాకోల్ పెట్టె మూత తనే తీశారు.

లోపల ఐసులో రమ్ము సీసాలు వరసగా పడుకుని ఉన్నాయి. ముందు రెండు వరసల మాజీ సైనికులు ఒక్క పెట్టున లేచి నిలబడ్డారు. అంత క్రమశిక్షణ ఈ కాలంలో అరుదు.

"ఇదేంటండీ?" అన్నారు డాక్టరుగారు.

"మందండీ" అన్నాడు ఫణికిరణ్. "చల్లగానే ఉంది, ముట్టుకు చూడండి."

"నేనడిగింది పాముకాటు మందండీ."

వారం రోజుల తర్వాత ఫణికిరణ్‌కు మొదటిసారి ఒక మాట పూర్తిగా వినిపించింది. మంత్రిగారు కెమెరాల వైపు నవ్వుతూనే, పెదవులు కదలకుండా, "పెట్టె దించెయ్ రా" అన్నారు. ఫణికిరణ్ పెట్టె కొస పట్టుకుని లాగుతూ, కంగారులో వెనక్కి వెనక్కి నడిచి, పెట్టె వేదిక మీదే ఉండగా తను అంచు దాటి తన సొంత కొల్లేరులో పడ్డాడు. గుర్రపుడెక్కలో ఏదో కదిలింది. అతని పిక్క పట్టుకుని, వదిలి, జారిపోయింది.

"పాము!"

అందరికన్నా ముందు నీళ్లలోకి దిగింది డాక్టరుగారే. పిక్క తుడిచి పంటిగాట్లు చూశారు. డెక్క పక్కకు తప్పించి నీళ్లలోకి తొంగిచూశారు. తర్వాత మంత్రిగారి వైపు చూసి ఒక్క క్షణం ఆలోచించారు.

"పామేనండీ" అన్నారు.

"మందు, డాక్టరుగారూ, మందు" అని మూలిగాడు ఫణికిరణ్. ఓ కార్యకర్త అభిమానం కొద్దీ రమ్ము సీసా మూత తిప్పాడు. "ఆ మందు కాదురా వెధవా" అన్నాడు ఫణికిరణ్.

డాక్టరుగారు మైకు అందుకున్నారు. "మనిషికి పది సీసాలైనా ఉండాలండీ. ఒక్కోసారి ఇరవై పడుతుంది. చల్లగా తేవాలి."

ఈసారి ఆ మాట వట్లూరు మైదానంలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. మందుది ఏ శాఖో సభకు వచ్చిన ఉమాకుమారిగారికి అడగకుండానే తెలిసింది. మంత్రిగారి పైలట్ జీపు సైరన్ వేసుకుని మందుల గోదాముకు పరుగెత్తింది. ఫణికిరణ్‌ను పడవలో పడుకోబెట్టారు.

"నేను పోతే మార్కెట్ యార్డుకు నా పేరు పెట్టించండి సార్."

"చూద్దాంలేవయ్యా" అన్నారు మంత్రిగారు వాచీ చూసుకుంటూ.

పదిహేడు నిమిషాల్లో ఇరవై సీసాలు వచ్చాయి. డాక్టరుగారు ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, తేదీ చదివి సుందరమ్మకు అందించారు. ఆవిడ వాటిని తెచ్చుకున్న ఐసుపెట్టెలో పేర్చి, రమ్ము చుట్టూ ఉన్న ఐసు తెచ్చి నింపి, మూత బిగించింది.

"ఎక్కించండి డాక్టరుగారూ" అన్నాడు ఫణికిరణ్ చెయ్యి చాపి.

"ఎందుకండీ? కరిచింది నీరుకట్టు పాము. దానికి విషముండదు. సబ్బుతో కడుక్కుని టీటీ సూది వేయించుకోండి."

ఆయన మంత్రిగారికి శాస్త్రోక్తంగా సెల్యూట్ చేశారు. సభలో తనకు కప్పిన శాలువా తీసి, ఎండ తగలకుండా ఐసుపెట్టె మీద కప్పారు. సుందరమ్మ ఒక పిడి, ఆయన ఒక పిడి పట్టుకుని కైకలూరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు. రమ్ము పెట్టె సంగతి మాజీ సైనికులు అప్పటికే చూసుకున్నారు.

ఫణికిరణ్ పడవలో లేచి కూర్చున్నాడు. తడి జేబులో ఫోను మోగింది. ఫైలు అతని పేరు మీద కదిలింది గనక మెసేజీ అతనికే వచ్చింది. ‘మందు కోరుతూ మీరు పెట్టుకున్న అర్జీ పరిష్కరించబడినది. తృప్తి చెందితే ఒకటి నొక్కండి.’

మంత్రిగారు చూస్తున్నారు. ఫణికిరణ్ ఒకటి నొక్కాడు.