మైకు ఆపితే లేచే పిల్ల

"ఈ క్షణం నుంచి ఈ నేల మీద ఏ పసిబిడ్డా నిద్ర చాలక ఏడవదు!" అని శిశు సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. మైదానం చుట్టూ కట్టిన లౌడ్ స్పీకర్లు ఆ మాటను నాలుగు దిక్కులకూ మోసుకెళ్లాయి. చుట్టుపక్కల వీధుల్లో పడుకున్న పసిబిడ్డలందరూ ఒక్కసారిగా లేచి ఏడ్చారు. ఎంత గొప్ప ప్రకటనైనా అమల్లోకి రావడానికి కొంత వ్యవధి పట్టడం సహజమే.

వేదిక పక్కన ఆంప్లిఫయర్ దగ్గర నిలబడిన మైకుసెట్టు వ్యాపారి మాత్రం తృప్తిగా తలూపాడు. మాట మంత్రిగారిది, మోత తనది. ఊళ్లో ఏ సభ జరిగినా ఆయన సెట్టు లేనిదే గొంతు లేవదు. ప్రతి మైకులోనూ ముందుగా "హలో" అనేది ఆయనే కనుక జనం ఆయన్ని 'హలో గారు' అంటారు. పొగడ్తయినా తిట్టయినా తన తీగలోంచే పోతుంది కాబట్టి ఏ పార్టీ మీదా ఆయనకు కోపం లేదు. గాలివాటు చూసి తెరచాప ఎత్తడం వ్యాపారం, గాలితోనే తగాదా పెట్టుకోవడం కవిత్వం అని ఆయన లెక్క.

మంత్రిగారు తల్లిదండ్రులకు సలహాలిచ్చారు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కలో దిండ్లూ బొమ్మలూ పెట్టకూడదు. రోజూ ఒకే వేళకు నిద్రపుచ్చాలి. తల్లి అలసిపోతే తండ్రి ఎత్తుకోవాలి. ఇంతవరకూ డాక్టర్లు చెప్పేదే. ఆ తర్వాతదే మంత్రిగారి సొంత సరుకు.

"నిద్రకు తల్లి నిశ్శబ్దం! పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటి చుట్టూ నిశ్శబ్ద మండలం ఏర్పాటు చేస్తున్నాం. దీని పేరు ప్రశాంత శైశవ పథకం!"

సభ అయ్యాక ఒక విలేఖరి అడిగాడు. "పసిపిల్లల నిద్ర గురించి మంత్రిగారికి ఏమైనా అనుభవం ఉందా?"

మంత్రిగారి పి.ఎ. నొచ్చుకున్నాడు. "ఎంత మాటన్నారు! సార్‌కి ఐదుగురు పిల్లలు. వాళ్లు లేవకముందే సార్ ఇంట్లోంచి వెళ్లేవారు, పడుకున్నాక వచ్చేవారు. ఆ పిల్లల్ని నిద్రలో తప్ప ఇంకోలా చూడనేలేదు. సార్ కంటే నిపుణులు ఎక్కడ దొరుకుతారు మీకు?"

విలేఖరి రాసుకున్నాడు. హలో గారు వైర్లు చుట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

ఇల్లంటే కింద షాపు, పైన కాపురం. ఇంటావిడతో పాటు కూతురూ ఆమె పసిపిల్లా అక్కడే ఉంటారు. అల్లుడు దూరపు రూట్లలో బస్సు నడుపుతాడు. ఇంటికి ఎప్పుడైనా చుట్టంలా వచ్చి పోతుంటాడు. కూతురు నెలలు నిండేదాకా షాపులోనే కూర్చుని బుకింగులు చూసుకునేది. వెనకాల ఆంప్లిఫయర్ల రొద, ముందు "హలో, మైక్ టెస్టింగ్". కడుపులో ఉండగానే పిల్ల ఆ రెండూ వంటబట్టించుకుని పుట్టింది. రైలు పట్టాల పక్క కాపురమున్నవాడికి రైలు ఆగితేనే మెలకువ వస్తుందన్నట్టు, దీనికి మైకు మోగుతుంటేనే కునుకు. షాపులో సెట్టు వాగుతున్నంతసేపూ పైన ఉయ్యాల్లో గుర్రు. ఆపితే చాలు, కేరు.

ఇంట్లో దీన్నెవరూ వింతగా అనుకోలేదు. పిల్ల నిద్రపోతోంది, తల్లి నిద్రపోతోంది, షాపు నడుస్తోంది. ఒకే కరెంటుతో మూడు పనులు అయ్యే చోట ఎవరైనా ప్రశ్నలు వేస్తారా?

మరునాడు నిశ్శబ్దాధికారి వచ్చాడు. మెడలో చప్పుడు కొలిచే మీటరు, చంకలో బోర్డు. 'ఈ ఇంట పసిబిడ్డ కలదు. నిశ్శబ్దము పాటింపుడు' అన్న ఆ బోర్డును సుత్తితో ధనధనా గోడకు కొట్టించాడు. తర్వాత షాపులోని సెట్లన్నిటికీ సీలు వేశాడు.

"సార్, మా పిల్లకి చప్పుడు లేకపోతే నిద్ర రాదు" అన్నాడు హలో గారు.

"అలా ఉండదండీ. పథకంలో లేదు."

"పథకంలో లేకపోయినా మా ఇంట్లో ఉంది సార్."

"అలవాటు పడుతుంది. ప్రజలంతా పడటం లేదూ?"

పిల్ల ప్రజల్లాంటిది కాదు. ఏడ్చింది. పొద్దున ఏడ్చింది, మధ్యాహ్నం ఏడ్చింది, అలిసిపోయి ఒక క్షణం కన్ను మూసి, ఎక్కడా ఏమీ వినబడక హడలిపోయి మళ్లీ లేచి ఏడ్చింది. జోలపాట పాడితే మీటరు ముల్లు గీత దాటుతుందని అధికారి ముందే హెచ్చరించాడు. ఇంటావిడ పెదాలు మాత్రం కదుపుతూ పాడింది. పిల్ల ఆమె నోటి వంక అనుమానంగా చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

కూతురి కళ్ల కింద నలుపు దిగింది. ఒకరోజు టీలో ఉప్పు వేసింది. ఒకరోజు పిల్లకి వేయాల్సిన చొక్కా తన చేతికి తొడుక్కోబోయింది. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుని మెట్లు దిగుతూ నడిమెట్టు మీద నిలబడే నిద్రపోయింది. చేతులు వదులయ్యాయి. కింద బట్టలు మడతపెడుతున్న ఇంటావిడ బట్టలతో సహా ఎగిరి పిల్లను పట్టుకుంది.

ముగ్గురూ మెట్ల మీదే కూలబడ్డారు. హలో గారు షాపులోంచి పరుగెత్తుకొచ్చాడు. పిల్ల ఒక్కతే మామూలుగా ఏడుస్తోంది.

"నాన్నా, దీన్ని నా చేతికివ్వకు. నాకు భయంగా ఉంది" అంది కూతురు. ఏడ్చే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఇంటావిడ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఊళ్లోవాళ్లందరి గోడూ నలుగురికీ వినిపించే మనిషి కదా మీరు, మన గోడు ఆఫీసులో వినిపించలేరా?"

హలో గారు చొక్కా మార్చుకుని నిశ్శబ్దాధికారి ఆఫీసుకి వెళ్లాడు. ఆఫీసులో అందరూ గుసగుసలుగా మాట్లాడుతున్నారు. ఇదివరకూ అలాగే మాట్లాడేవాళ్లు. ఇప్పుడది ప్రభుత్వ విధానం అయింది.

"సార్, ఒక్క చిన్న సెట్టుకి సీలు తీయండి. మా అమ్మాయి నిద్రలేక పడిపోయేలా ఉంది. ఇవాళ పిల్ల చేయి జారింది."

అధికారి నిజంగానే బాధపడ్డాడు. "అర్థం చేసుకోగలను. కానీ బిడ్డ ఉన్న ఇంట్లో మైకు పెట్టడానికి రూలు లేదు. ఒక్క సందర్భంలో తప్ప."

"ఏ సందర్భం సార్?"

"నిశ్శబ్దం గొప్పతనాన్ని ప్రచారం చేసే సభలకి."

హలో గారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బేరంలో అవతలివాడు నోరుజారిన చోటే దుకాణం తెరవాలి. "అలాంటి సభ మా వాకిట్లోనే పెడితే?"

"బ్రహ్మాండం!"

"రోజూ పెడితే?"

అధికారి కళ్లు చెమ్మగిల్లాయి. "మీలాంటి పౌరులు ఇంటికొకరుంటే ఈ దేశం ఎక్కడో ఉండేదండీ!"

అలా వాకిట్లో 'నిశ్శబ్ద చైతన్య సదస్సు' మొదలైంది. పార్టీ ఆఫీసులో వక్తలకు కొదవలేదు, వినేవాళ్లకే కరువు. వినమని ఎవర్నీ బలవంతపెట్టం, మీరు ఆపకుండా మాట్లాడితే చాలు అని హలో గారు అనేసరికి వాళ్లు ఎగబడి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలవగానే మొదటి వక్త మైకు పట్టుకుని "నిశ్శబ్దమే మన ఊపిరి!" అని అరిచాడు. మేడ మీద పిల్ల ఆవులించింది. "నిశ్శబ్దమే మన ఆయుధం!" అన్నాడు. పిల్ల పడుకుంది. ఆ పక్కనే వెల్లకిలా కూతురు పడుకుంది. ఇంటావిడ తలుపు దగ్గరగా వేసి, ఇద్దరికీ దుప్పటి కప్పి, చాలా రోజుల తర్వాత కూర్చుని అన్నం తింది.

ఎదురింటి దర్జీకి కవల పిల్లలు. సెట్లకు సీళ్లు పడినప్పటి నుంచి సదస్సు దాకా వాళ్లు హాయిగా నిద్రపోయారు. అతను టేపు మెడలో వేసుకునే పరుగెత్తుకొచ్చాడు.

"హలో బాబాయ్! ఏమిటీ దారుణం? మా ఇంటికీ బోర్డుంది. మావాళ్లు రెప్ప వేస్తే ఒట్టు!"

అక్కడే ఉన్న నిశ్శబ్దాధికారి అడ్డొచ్చాడు. "ఇది శబ్దం కాదండీ, నిశ్శబ్దం గురించిన సమాచారం. ఇదిగో, మీటరు ఏమీ చూపించట్లేదు."

"మీటరు ఆఫ్ చేశారు కదండీ!"

"ప్రభుత్వ సభల్లో ఆన్ చేయకూడదు. మర్యాద కాదు."

దర్జీ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు గొణగడం మానేశాడు. పసివాళ్లు దేనికైనా ఇట్టే అలవాటు పడతారు. కవలలు కూడా ఆ మోతలోనే నిద్రపోవడం మొదలుపెట్టారు. వీధిలో ఉన్న మిగతా పసిగుడ్లదీ అదే దారి.

ఈ సంగతి పైకి ఎలా వెళ్లిందంటే, 'పథకం వల్ల ఒక వీధిలోని పిల్లలందరూ గాఢనిద్రలో ఉన్నారు' అని వెళ్లింది. మంత్రిగారు పరవశించి సన్మానానికి స్వయంగా బయల్దేరారు.

వాకిట్లో వేదిక వేశారు. అందరికీ కనబడేలా పిల్లను ఉయ్యాలతో సహా వేదిక మీద, స్పీకరు కింద పెట్టారు. పక్కనే కుర్చీలో కూతురు. మంత్రిగారు ఉపన్యాసం అందుకోగానే తల్లీపిల్లా ఇద్దరూ నిద్రలోకి జారుకున్నారు. జారుకున్నది వాళ్లిద్దరే అనలేం కానీ, ముందు వరుస పార్టీ కార్యకర్తల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మంత్రిగారు ఉయ్యాల్లోకి చూశారు. "చూడండి! నిశ్శబ్దం ఇచ్చిన నిద్ర ఇది! ఈ తల్లిని సత్కరించడానికి శాలువా ఏం సరిపోతుంది? ఈ బిడ్డ గౌరవార్థం మనమందరం ఐదు నిమిషాలు మౌనం పాటిద్దాం. మైకు కూడా ఆపండి!"

ఆంప్లిఫయర్ దగ్గర్నుంచే హలో గారు చేతులూపాడు. "సార్, మౌనం ఎందుకు సార్, ఇంకో నాలుగు ముక్కలు మాట్లాడండి..."

"ఆపవయ్యా!" అన్నాడు పి.ఎ.

ఆపాడు. మంత్రిగారు కళ్లు మూసుకుని చేతులు కట్టుకున్నారు. సదస్సు మొదలయ్యాక సభ మధ్యలో వీధిలో నిశ్శబ్దం రావడం అదే మొదటిసారి.

అది ఎక్కువసేపు నిలవలేదు. పిల్ల కళ్లు తెరిచి, అటూ ఇటూ చూసి, కేరుమంది. ఎదురింట్లో కవలలు అందుకున్నారు. ఆ వెనకాల వీధి చివరిదాకా ఒక్కో ఇల్లే లేచింది. అయినా ఎవరూ నోరు విప్పలేదు. మంత్రిగారు మొదలుపెట్టిన మౌనాన్ని మంత్రిగారే ముగించాలి. ఆయన కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. అధికారి ఉయ్యాల ముందు మోకాళ్లు వేసి, పిల్లకు పెదవుల మీద వేలు పెట్టి చూపించి, దండం కూడా పెట్టాడు. పిల్ల అతని మీటరు పట్టుకుని లాగింది.

ఆ గోలకి కూతురు ఉలిక్కిపడి లేచింది. తండ్రి చేయి స్విచ్చు మీదే ఆగిపోయి ఉంది. ఆమె రెండంగల్లో వెళ్లి ఆ చేతిని నొక్కింది. మైకు కీచుమని లేచింది.

"మాట్లాడండి సార్!" అంది మంత్రిగారి నోటి ముందు మైకు పెట్టి. "మీ కాళ్లు పట్టుకుంటా, నోరు మాత్రం మూసుకోకండి! మీరు వాగుతుంటేనే మా పిల్ల పడుకుంటుంది!"

ఆ మాట వీధంతా వినబడింది. హలో గారి సెట్టు అలాంటిది.

ముందు నవ్వింది ఎవరో తెలియలేదు కానీ ఆఖరికి మంత్రిగారు కూడా నవ్వారు. నవ్వుతూనే కారెక్కారు. మంత్రులు నవ్వుతూ కారెక్కారంటే ఎవరి దీపమో ఆరబోతోందని హలో గారికి అనుభవం. షాపు తాళం చెవి జేబులో తడుముకున్నాడు.

మరునాడు అధికారి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"పథకం విఫలమైందని రాయడానికి వీల్లేదు" అన్నాడు కూర్చుంటూ.

"రాయొద్దు సార్."

"కానీ పిల్ల ఏడ్చింది. పేపరువాళ్లు విన్నారు. రాత్రంతా ఆలోచించి పైవాళ్లు తేల్చిందేమిటంటే... రూలు ప్రకారం పసిబిడ్డ అంటే నిశ్శబ్దంలో నిద్రపోయేది. మీ మనవరాలు నిశ్శబ్దంలో లేచింది. కాబట్టి..." అతను గొంతు సవరించుకున్నాడు. "మనసు రాయి చేసుకోండి. ఆమె పసిబిడ్డ కాదు."

ఇంటావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఏడుస్తోందనుకున్నాడు అధికారి.

హలో గారు బరువుగా నిట్టూర్చాడు. లాభం వచ్చినప్పుడు మొహంలో కనబడనిచ్చేవాడు రెండో బేరం చెయ్యలేడు. "ఎంత పని చేశారు సార్! సరే, ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వమే తీసుకుంది. మరి బోర్డు?"

"తీసేస్తాం."

"సీళ్లు?"

"ఆగండి. ఎదురింటికి బోర్డుంది కదా. అక్కడ ఇద్దరున్నారు."

ఆ మాట పూర్తికాకముందే దర్జీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు, చెరో చంకన చెరో పిల్లవాడు. నిన్నటి నుంచి సదస్సు లేక కవలలు గుక్కపట్టి ఉన్నారు.

"సార్, వీళ్లు కూడా పసిబిడ్డలు కారు! వినండి, మీరే వినండి!"

అధికారి విన్నాడు. తిరుగులేని సాక్ష్యం. ఆ వెనకే పాలవాడి కోడలు వచ్చింది, ఆ వెనక పోస్టుమాన్ భార్య. ముందు మా పిల్ల పేరు కొట్టేయమంటే మా పిల్లదని తగాదా పడ్డారు. సాయంత్రానికి వీధిలో ఒక్క బోర్డూ మిగల్లేదు. అధికారి స్వయంగా సీళ్లు తెంపాడు. హలో గారు "హలో" అన్నాడు. వీధి వీధంతా పడుకుంది.

ఆ నెల తిరక్కుండానే మంత్రిగారు మళ్లీ వచ్చారు. ఈసారి మొహం వెలిగిపోతోంది.

"లెక్కలు అబద్ధం చెప్పవు!" అని గర్జించారు. "ఇవాళ ఈ వీధిలో నిద్రపోని పసిబిడ్డ ఒక్కరంటే ఒక్కరు లేరు!"

చప్పట్లు మిన్నంటాయి. కూతురి ఒళ్లో పిల్ల మూతి ముడిచి గాఢంగా నిద్రపోతోంది. మంత్రిగారు ముచ్చటపడి దాన్ని అందుకున్నారు. ఫొటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు.

పి.ఎ. చెవి దగ్గర చేరాడు. "సార్, దించేయండి. రికార్డు ప్రకారం ఈ వీధిలో పసిబిడ్డలు లేరు. పేపర్లో పడితే దొరికిపోతాం."

మంత్రిగారు పిల్లను పదిలంగా తల్లి చేతికిచ్చేశారు. పక్కనున్న ఖాళీ ఉయ్యాల దగ్గరకు వెళ్లి, దాన్ని మెల్లగా ఊపుతూ, అందులోకి ఆప్యాయంగా వంగి, ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ష్..." అన్నారు.

ఫొటో చాలా బాగా వచ్చింది.