ప్రారంభోత్సవానికి ఆగిన పూసలు

"ఎముకల్లోని చీముకు మా ప్రభుత్వం చరమగీతం పాడింది" అని ఆరోగ్య మంత్రిగారు ఉదయమే ప్రకటించారు. అప్పటికి ఒక్క రోగినీ ఆపరేషన్ బల్ల ఎక్కించలేదు. దూరదృష్టి అంటే అదే.

ఎముకల డాక్టరుకు అంత దూరదృష్టి లేదు. ఆయన కంటికి ఆనేది ఒక్కటే, నాలుగో మంచం మీది లారీ డ్రైవరు కాలు. మోకాలి కింది ఎముకకు చీము పట్టింది. మింగిన మందులు అక్కడిదాకా చేరడం లేదు. అందుకే యాంటీబయాటిక్ నింపిన పాలిమర్ పూసలు తెప్పించాడు. ఎముకలో సర్దితే మందు అక్కడికక్కడే ఊరుతుంది, పూసలు వాటంతటవే కరిగిపోతాయి. తీయడానికి మళ్ళీ కోయక్కర్లేదు.

"ఇవాళే పెట్టేస్తాను," అన్నాడు డాక్టరు.

"ప్రారంభోత్సవం కాకుండానా?" మంత్రిగారి పీఏ నొచ్చుకున్నాడు. "వంతెనైనా, పూసైనా సార్ చెయ్యి పడకుండా వాడకూడదు. రూలు."

"చీముకి రూలు తెలీదండీ."

"తెలియజెప్పండి. చదువుకున్నారుగా."

ఫోటోలో మెరవాలని పీఏ ఆ పూసల్ని గాజు గిన్నెలో నీళ్ళు పోయించి వేయించాడు. గిన్నెకు మంచం కావాల్సి వచ్చింది. డ్రైవరును వరండాలోకి మార్చారు. గిన్నెకు కానిస్టేబులు కాపలా. డాక్టరు ఓసారి చెయ్యి పెట్టబోతే లాఠీ అడ్డొచ్చింది. వేరే పూసలు అడిగితే, ముందు ఇవి వాడమన్నారు.

మంత్రిగారికి తీరిక దొరకలేదు. వారాలు గడిచాయి.

"అన్నా, గిన్నె ఎలా ఉంది?" డ్రైవరు వరండాలోంచి అడిగేవాడు.

"దానికేం తమ్ముడూ, ఫ్యాను కింద ఉంది," అనేవాడు కానిస్టేబులు.

చివరికి మంత్రిగారు వచ్చారు. గిన్నెలోకి తొంగి చూశారు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. పీఏ గిన్నె ఎత్తి కింద కూడా చూశాడు.

"పూసలేవయ్యా?"

"కరిగిపోయాయి సార్," అన్నాడు డాక్టరు.

"పూర్తిగా?"

"పూర్తిగా."

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "కరుగుతాయన్నాం, కరిగాయి. నూటికి నూరుపాళ్ళు విజయం."

చప్పట్లు మోగాయి. వరండాలోంచి డ్రైవరు కూడా కొట్టాడు. అతని చేతులు బాగానే ఉన్నాయి.

"సార్, అతని కాలు..." డాక్టరు ముందుకొచ్చాడు. "చాలా ఆలస్యమైంది. ఇక తీసెయ్యాలి. ఇవాళే."

మంత్రిగారు గంభీరంగా పీఏ వైపు చూశారు. పీఏ చటుక్కున కత్తెర పెట్టిన పళ్ళెం అందుకుని, డాక్టరు చెవి దగ్గర వంగాడు.

"రిబ్బను మోకాలికి పైన కట్టించమంటారా, కిందనా?"