నడవలేనివారికి రెట్టింపు రేటు

ఇలా దగ్గరకు జరుగు తల్లీ, నా మాట గట్టిగా రాదు. అమ్ముడుపోవాల్సిన మా అల్లుడి బండిని మంత్రిగారు ఎలా నిలబెట్టారో చెబుతాను. ఆయన గొప్పతనం తెలిసింది ఈ ఇంట్లో నాకొక్కదానికే.

ఆయన టీవీలో గుండె మీద చెయ్యి వేసుకుని ప్రకటించారు. "ఇకమీదట అంబులెన్సు ఎక్కిన పేషెంటు పైసా ఇవ్వక్కర్లేదు. కిరాయి ఇన్సూరెన్సే ఇస్తుంది. రేటు రెట్టింపు."

నేను టీవీకి దణ్ణం పెట్టాను. మా అల్లుడికి ఉన్నది ఒక్క పాత అంబులెన్సు. ఇన్సూరెన్సు వాళ్ళిచ్చే పాత రేటు డీజిల్‌కే చాలక దాన్ని అమ్మకానికి పెట్టాడు. అది పోతే మా వీధి రోగులకు మరో దిక్కు లేదు.

ఆ వారమే నేను బాత్రూములో జారిపడ్డాను. అల్లుడు స్ట్రెచర్ మీద ఆసుపత్రికి చేర్చి, కొత్త రేటుకు క్లెయిమ్ పెట్టాడు. నేను ఇంటికొచ్చి లేచి తిరుగుతుండగా, విచారణకు ఇన్సూరెన్సు ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

"అత్తయ్యా, ఆ రెట్టింపు రేటు నడవలేనివాళ్ళకేనట. ఆయన వెళ్ళేదాకా మంచం దిగకండి."

"నేనేం చిన్నపిల్లనా? కొయ్యలా పడుంటాను."

ఆఫీసరు గుమ్మంలోకి వచ్చాడు. ఇంటికి మనిషి వస్తే పడుకుని ఉండటం పుట్టి బుద్ధెరిగాక నాకు చేతకాలేదు. లేచి, కుర్చీ తుడిచి, వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. అల్లుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"బాగానే నడుస్తున్నారే," అన్నాడు ఆఫీసరు.

"ఇప్పుడు నడుస్తున్నాను బాబూ. ఆ రోజు కాలు కదిపితే ఒట్టు."

"మరెలా తగ్గింది?"

"ఆసుపత్రికి తీసుకెళ్తే తగ్గింది."

"తగ్గేదానికి అంబులెన్సు దేనికండీ?"

"తగ్గకపోతే ఇస్తారా సార్?" అన్నాడు అల్లుడు.

"తప్పకుండా. నడవలేనని ఆవిడే స్వయంగా మా ఆఫీసుకొచ్చి చెప్పాలి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"పోనీ, పోయినవాళ్ళకో?" అన్నాను.

"వాళ్ళు పేషెంట్లు కారు కదా మామ్మగారూ."

ఎంత చదివితే వస్తుంది ఆ తెలివి! బడి మొహం చూడనిదాన్ని, నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డాను. నిలబడ్డానని కూడా రాసుకున్నాడు.

క్లెయిమ్ పోయింది. నా మర్యాద వల్లే. అల్లుడు బండి అమ్మబోతుంటే ఆ ఆఫీసరే ఫోన్ చేశాడు. ఒక్క దొంగ క్లెయిమ్ కూడా చెల్లించలేదని మంత్రిగారికి సన్మానమట. సభకు జనాన్ని చేర్చాలి. రెట్టింపు రేటు, అడ్వాన్సు చేతికే.

"ఎవర్ని ఎక్కించమంటారు సార్?"

"నడిచి ఎక్కగలిగినవాళ్ళనే. చప్పట్లు గట్టిగా కొట్టాలి."

అలా బండి నిలిచింది. వీధిలో సగం మంది ఎక్కాం. పెద్దదాన్నని స్ట్రెచర్ నాకిచ్చారు. దానిమీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాను. ఆలస్యమవుతోందని సైరన్ వేస్తే రోడ్డు రోడ్డంతా తప్పుకుంది. నా పెళ్ళి ఊరేగింపుకు కూడా అంత మర్యాద జరగలేదు.

మలుపులో మా వీధి దర్జీ కనిపించాడు. పక్కనే గట్టుమీద అతని భార్య ఒరిగిపోయి ఉంది. బండిని చూడగానే రెండు చేతులూ ఎత్తి ఊపాడు. అల్లుడు కాస్త స్లో చేస్తే, ముందు సీట్లోని ఆఫీసరు వాచీ చూపించాడు. దర్జీ కొంతదూరం మా వెంట పరిగెత్తాడు కూడా. సభకు రాలేకపోయినా మంత్రిగారంటే ఎంత అభిమానమో అనుకున్నాం. అందరం తిరిగి చేతులూపాం.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నీ పిల్లలకు చెప్పేటప్పుడు ఏదీ వదిలెయ్యకు. అందరికంటే ఎక్కువసేపు ఊపింది నేనేనని చెప్పు.