దర్జీగారి కుడిచేతికి సెలవు

ఆదివారం పొద్దున్నే దర్జీ తన కుడిచేతికి సెలవు ప్రకటించాడు. ఇరవై ఏళ్ళు కత్తెర పట్టిన బొటనవేలు, ఈమధ్య చొక్కా గుండీ పెట్టుకోబోయినా కలుక్కుమంటోంది. రెండు రోజులు పని మానేసి, గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ఉంచి, వేళ్ళు మెల్లగా ఆడించమంది డాక్టరమ్మ.

భార్య గిన్నెలో నీళ్ళు పోసింది. వేడి చల్లారకుండా చేతిమీద తువ్వాలు కప్పింది. "కత్తెర ముట్టుకున్నారో, ఊరుకోను!" అని వంటింట్లోకి వెళ్ళి వడ్రంగికి ఫోను చేసింది. ముందురోజే వాళ్ళ కుర్చీ విరిగింది.

"చెయ్యి మొదలంటా విరిగింది అన్నయ్యా. అతికినా నిలవదు. కోసి తీసెయ్యడమే నయం."

కిటికీ అవతల బట్టలారేస్తున్న పక్కింటి పిన్నిగారికి కుర్చీ సంగతి తెలియదు. దర్జీ చేతినొప్పి సంగతి మాత్రం బాగా తెలుసు. తడిబట్టలు అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తింది. ఆ కబురు మలుపు తిరిగేసరికి చెయ్యి కోసేశారు. బజారు చేరేసరికి పాతిపెట్టేశారు కూడా.

అరగంటలో ఇల్లు జనంతో నిండిపోయింది. అందరికంటే ముందు బడి పంతులమ్మ వచ్చింది. నూటయాభై మంది పిల్లల యూనిఫారాల గుడ్డ ఆ ఇంట్లోనే ఉంది మరి. తువ్వాలు కింద చెయ్యి దాచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్న దర్జీని చూడగానే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎలా ఉందండీ?"

"హాయిగా ఉందమ్మా! ఇన్నాళ్ళూ ఎందుకు తాత్సారం చేశానా అనిపిస్తోంది."

జనం మొహమొహాలు చూసుకున్నారు.

"రెండో చెయ్యైనా బాగుందా నాయనా?" అంది పిన్నిగారు.

"అదీ అప్పుడప్పుడు సలుపుతోంది పిన్నిగారూ. వచ్చే ఆదివారం దాని పనీ కానిచ్చేస్తా."

పిన్నిగారు ఘొల్లుమంది. పంతులమ్మ కళ్ళు తుడుచుకుని, "మా గుడ్డ ఇచ్చెయ్యండి. ఇంకోచోట కుట్టించుకుంటాం. మనసులో ఏమీ పెట్టుకోకండి" అంది.

దర్జీకి ఏడాది మొత్తానికీ అదే పెద్ద పని. "నేనేం తప్పు చేశానమ్మా?" అంటూ లేచి రెండు చేతులూ జోడించాడు. తువ్వాలు జారిపోయింది.

పిన్నిగారు దగ్గరకొచ్చి లెక్కపెట్టింది. "ఐదూ ఉన్నాయి!"

ఈ గోలకి బయటికొచ్చిన భార్య కుర్చీ కథ చెప్పేసరికి ఇల్లంతా నవ్వులే. పంతులమ్మ గుడ్డ మాట వెనక్కి తీసుకుంది. ఆనందం పట్టలేక ఆయన కుడిచేతిని పట్టుకుని గట్టిగా ఊపేసింది. పిన్నిగారు నిజమైనవో కావోనని వేలువేలూ లాగి చూసింది. ఆపైన వరసగా నలభైమంది చెయ్యి కలిపారు. ఆఖర్న వచ్చిన వడ్రంగి, ఆలస్యమైనందుకు రెండుసార్లు కలిపాడు.

మర్నాడు తెల్లారగానే దర్జీ దుకాణానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇంకో రోజు విశ్రాంతి తీసుకునేంత బలం ఆ చేతికి లేదు.