సగం చదివిన జాగ్రత్తలు

ఆదివారం పొద్దున దుర్గయ్య అనుకున్నది చిన్న పని. ఫోరస్ రోడ్డు మీద మటన్ కొని భార్య శాంతాబాయి చేతికిచ్చి, మధ్యాహ్నం దాకా గదుల ముందున్న గ్యాలరీలో నోరు మూసుకుని కూర్చోవాలి. మనవరాలు నీత బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. బయటి దేశం నుంచి హెలెన్ అనే ఆమె కంపెనీని చూడ్డానికి వచ్చింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో చెప్పేది ఆమే. ఆ హెలెన్ ఇవాళ నీత ఇంట్లో అన్నం తింటానంది.

"తాతా, ఆమె ఖుషీగ పోవాలె. నా నౌకరీ ఆమె చేతుల్నే ఉన్నది," అని చెప్పి నీత ఆమెను తీసుకురావడానికి స్టేషన్‌కు పోయింది.

నీత అటు పోయిందో లేదో పక్క గది విక్కీ ఇటు వచ్చాడు. టాక్సీ నడుపుతాడు, ఫోన్ వదలడు.

"కాకా, మన దేశం వచ్చెటోళ్లకు ఆమె సర్కారు జాగ్రత్తలు రాసింది, విను. నల్లా నీళ్లు తాగొద్దంట. గల్లీ కుక్కల దగ్గరికి పోవద్దంట. ఒంటిగ తిరగొద్దంట. పాస్‌పోర్టు తాళమేసి పెట్టాల్నంట."

దుర్గయ్య పుట్టినప్పటి నుంచి ఆ నల్లా నీళ్లే తాగాడు. ఆ కుక్కల మధ్యే తిరిగాడు. ఇంత అపాయంలో బతుకుతున్నావని ఇన్నేళ్లలో ఒక్కడూ చెప్పలేదు.

"ఇంక ఉన్నదారా?"

"ఇది సగమే. టాక్సీకి సవారీ పిలుస్తున్నడు, వచ్చినంక మిగిలింది చెప్తా." విక్కీ మెట్లు దిగిపోయాడు.

"ఆ పిల్లకేమన్న అయితే నీత నౌకరీ పోతది. పోలీసులు మనింటికే వస్తరు," అంది శాంతాబాయి.

శాంతాబాయి నీళ్లు కాచింది. వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చిన నీళ్లు శుద్ధి చేసే మందు రెండు చుక్కలే వేయాలి. దుర్గయ్య భయం కొద్దీ మూతెడు పోశాడు. గల్లీ కుక్క కాల్యాను మెట్ల కింద కట్టేశాడు. అది ఏడుపు అందుకుంది.

ఇంతలో నీత ఫోన్ చేసింది. "తాతా, ఆమె స్టేషన్‌కు రాలే! సీదా గల్లీకే వస్తున్నదంట. నేనొచ్చేదాక జర చూస్కో."

ఒంటిగ తిరగొద్దు. దుర్గయ్య తాముండే చాల్ గదుల్లో దొరికిన మగవాళ్లనందరినీ వెంటేసుకుని గల్లీ మొదటికి పరుగెత్తాడు. ఒకడి చేతిలో సున్నం బ్రష్, ఇంకొకడి చేతిలో తాపీ అట్లాగే ఉన్నాయి. టాక్సీ దిగిన హెలెన్‌ను నడుమ పెట్టుకుని నడిచారు. ఆమె హలో అంది. ఎవరికి వారు నాలుగు వైపులా కాపు కాస్తున్నారు.

గదిలోకి రాగానే కుక్క రాకుండా దుర్గయ్య తలుపు గడియ పెట్టాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"పాస్‌పోర్ట్."

వెనక ఉన్నవాళ్లంతా తల ఊపారు. ఆమె గడియ వైపు చూసి, తీసి ఇచ్చింది. దుర్గయ్య దాన్ని ఇనప పేటిలో పెట్టి, తాళం వేసి, తనకు వచ్చిన ఇంకో ఇంగ్లీషు ముక్క కూడా అన్నాడు. "సేఫ్. సేఫ్."

శాంతాబాయి గ్లాసు అందించింది. గుప్పుమంది వాసన.

"తాగు బిడ్డా. పూరా తాగాలె."

కింద కాల్యా ఊళ పెట్టింది. హెలెన్ గ్లాసు దించి, మూలకు తిరిగి ఫోన్లో ఏదో గుసగుసలాడింది. ఉక్కపోస్తుందేమోనని దుర్గయ్య ఫ్యాన్ పెంచాడు.

కాసేపటికి మెట్ల మీద బూట్లు చప్పుడు చేశాయి. తలుపు దబదబా కొట్టారు. తీస్తే పోలీసు హవల్దార్.

"మాలక్ కోణ్?" ఇంటి యజమాని ఎవరని అడిగాడు.

తాపీతో సహా అన్ని చేతులూ దుర్గయ్యనే చూపించాయి. దుర్గయ్యకు జైలు కనబడింది, దాని వెనక నౌకరీ పోయి ఇంట్లో కూర్చున్న నీత కనబడింది. జైలే నయం అనిపించింది.

అప్పుడే నీత రొప్పుతూ వచ్చింది. ఆమె వెనకే విక్కీ, చేతిలో ఫోన్. గదిని ఒకసారి కలియజూసి నెమ్మదిగా అన్నాడు.

"కాకా, మిగిలిన సగం ఇది. తెల్వనోళ్లు గుంపుగ చుట్టుముడితే, తలుపు పెడితే, పాస్‌పోర్టు గుంజుకుంటే, వాసనొచ్చే నీళ్లు తాగమంటే... వెంటనే పోలీసులను పిలవాలె."

హవల్దార్ టోపీ తీసి తల గోక్కున్నాడు. నీత గ్లాసును, కుక్కను, పేటిని చూపిస్తూ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. హెలెన్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే నవ్వు.

హెలెన్ మటన్ రెండుసార్లు వడ్డించుకుని తింది. హవల్దార్ కూడా కూర్చున్నాడు. సాయంత్రం ఆమెను టాక్సీ ఎక్కించి వచ్చి నీత తాత భుజం పట్టుకుని ఊపింది.

"తాతా, నా నౌకరీ పక్కా! ఇంత భద్రంగ ఎవ్వరూ చూస్కోలేదన్నది."

దుర్గయ్య పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"గందుకే తాతా, తన దేశం పోయేదాక పాస్‌పోర్టు నీ పేటిల్నే ఉంచుమన్నది."

హెలెన్ ఇంకో వారం ఉంది. మెట్ల కింద కట్టిన కాల్యాను తెచ్చి పేటికి కాపలాగా వాకిట్లో కట్టారు. వారమంతా దుర్గయ్య పేటి మీదే తిన్నాడు, పేటి మీదే కునుకు తీశాడు. స్నానానికి లేచినప్పుడు శాంతాబాయి కూర్చుంది.