పెట్టెలో గుండె

ఆ రోజుకు దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే. ఆసుపత్రి వాళ్ళు కుట్టమన్న తెల్లకోట్లకు గుండీలు కుట్టేసి, మధ్యాహ్నంలోగా అప్పజెప్పి వచ్చి, హాయిగా నడుం వాల్చడం. ఇంటి ముందుగదే అతని కొట్టు. భార్య బస్సు కండక్టరు, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది. కూతురు బడికి వెళ్ళింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. దర్జీ సూదిలో దారం ఎక్కించాడు.

కూతురు ఏడో తరగతి. దాని అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలిపోయింది, బడిలో అందరూ ‘తికమక’ అనే పిలుస్తారు. తెలివి లేక కాదు. చెప్పిందంతా బుర్రలోకి ఎక్కుతుంది, కాకపోతే ఎక్కిందేదీ దాని చోట అది కూర్చోదు. భయపడినప్పుడు గుండెకు ఏమవుతుందని సైన్సు పరీక్షలో అడిగితే ‘జారిపోతుంది’ అని రాసింది. ఒకరిని గుండెల్లో పెట్టుకోవడం అంటే ఏమిటని భాష పరీక్షలో అడిగితే, ‘గుండెలో నాలుగు గదులు ఉంటాయి కనుక ఒక్కరినే కాదు, నలుగురిని పెట్టుకోవచ్చు’ అని రాసింది. సంగీతం టీచరు “పైస్థాయిలో పాడమ్మా” అంటే బెంచీ ఎక్కి పాడింది.

ముగ్గురు టీచర్లూ తలలు పట్టుకుని, ఆనక కూడబలుక్కుని, దానికి ఆఖరి అవకాశంగా ఒకే పరీక్ష పెట్టారు. గుండె బొమ్మ ఒకటి చేసి తెచ్చి, అదెలా పనిచేస్తుందో చెప్పాలి. గుండె చప్పుడును తాళంగా వాయించి వినిపించాలి. గుండెతో ముడిపడ్డ మాటలను వాడి, వాటికి అర్థం చెప్పాలి. ఇది కూడా తప్పితే మళ్ళీ ఏడో తరగతే. అందుకని తికమక వారం పాటు కిందా మీదా పడి, ఎర్రటి జెల్లీతో పిడికిలంత గుండెను పోతపోసింది. నాలుగు గదులు, కవాటాలు, గొట్టాలు అన్నీ అమర్చి ఫ్రిజ్‌లో పెట్టింది.

మొదటి గుండీ ఇంకా బిగియలేదు, ఫోను మోగింది.

“నాన్నా! నా గుండె ఇంట్లోనే ఉండిపోయింది!”

దర్జీకి సూది వేలిలో దిగబడింది. “ఏమైందమ్మా? ఎక్కడ నొప్పి?”

“నొప్పి కాదు నాన్నా! ఫ్రిజ్‌లో గుండె! మర్చిపోయి వచ్చేశాను. టీచర్లు ఇంకా రాలేదు, వాళ్ళొచ్చేలోగా తెచ్చెయ్యి. ఐసు మధ్యలో పెట్టి తీసుకురా. లేకపోతే నా పని అయిపోయినట్టే!” అంది తికమక, ఏడుపు గొంతుతో.

దర్జీ వంటింట్లోకి పరుగెత్తాడు. కంగారులో పళ్ళెం ఒరిగి, గుండె చుట్టూ ఉన్న ఎర్రటి పానకమంతా చొక్కా మీద ఒలికింది. మిగతా చొక్కాలన్నీ సబ్బునీళ్ళలో నానుతున్నాయి. ఈ అవతారంతో బడికి వెళ్తే పిల్లలు దడుసుకుంటారని, చేతికందిన తెల్లకోటు ఒకటి పైన తొడుక్కున్నాడు. గుండెను ఐసుపెట్టెలో సర్దుకుని, వీధిలోకి వచ్చి టాక్సీ ఆపాడు.

“ఎక్కడికండీ?”

“ఆసుపత్రి వీధికి బాబూ. తొందరగా పోనివ్వు!” బడి ఉన్నది ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా. ఆ మాట అక్కడికి చేరాక చెప్పొచ్చులే అనుకున్నాడు దర్జీ.

డ్రైవరు అద్దంలో చూశాడు. తెల్లకోటు. కోటు అంచున ఎర్రటి మరక. ఒళ్ళో ఐసుపెట్టె.

“పెట్టెలో ఏముందండీ, డాక్టరుగారూ?”

డాక్టరుగారు ఎవరా అని దర్జీ ఒకసారి పక్కకు చూశాడు కాని, అడిగే తీరిక లేదు. “గుండె,” అన్నాడు, పెట్టె మూత బిగిస్తూ. “ఎండకు ఎక్కువసేపు ఆగదు. ఇది చేరకపోతే మా అమ్మాయి పని అయిపోయినట్టే.”

డ్రైవరు హారను మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. టాక్సీ ఎగిరింది. దర్జీ పెట్టెను వాటేసుకుని, ఈ కాలంలో కూడా పిల్లల చదువు గురించి ఇంత పట్టించుకునే డ్రైవర్లు ఉన్నారా అని ఆశ్చర్యపోయాడు.

కూడలి దగ్గర బండ్లు కదలడం లేదు. డ్రైవరు దిగి, ట్రాఫిక్ కానిస్టేబులు దగ్గరకు పరుగెత్తి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. కానిస్టేబులు వచ్చి కిటికీలోంచి తల పెట్టాడు.

“సార్, గుండె ఎవరిదండీ?”

“మా అమ్మాయిది,” అన్నాడు దర్జీ.

కానిస్టేబులు మొహం వాడిపోయింది. “మీ అమ్మాయిదా! మరి ఎవరికిస్తున్నారు సార్?”

“ముగ్గురికి చూపించాలి. ముందు సైన్సుకి.”

“సైన్సుకి ఇచ్చేశారట!” అంటూ కానిస్టేబులు డ్రైవరు వైపు తిరిగాడు. “కన్నకూతురి గుండె!”

“ఇచ్చెయ్యడమేంటండీ? కూతురికి పెట్టడానికే తీసుకెళ్తున్నారు. నాతో అన్నారు,” అని అడ్డం వచ్చాడు డ్రైవరు.

“ఆయనే స్వయంగా అమ్మాయిది అంటుంటే, మధ్యలో నీదేంటయ్యా?”

“అమ్మాయి కోసం అన్నారండీ!”

ఇద్దరూ వాదించుకుంటుంటే దర్జీకి ప్రాణం విసిగింది. “అబ్బబ్బ! అమ్మాయిదే, అమ్మాయి కోసమే! అర్థమైందా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అంటే తీసి, బాగుచేసి, మళ్ళీ పెడతారన్నమాట,” అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. “సైన్సు ఎక్కడిదాకా వెళ్ళిందో చూశారా!”

కానిస్టేబులు ఇంకా తేరుకోలేదు. “మరి ఈలోగా పాప ఎలా ఉంది సార్? గుండె లేకుండా?”

“ఎలా ఉంటుంది? ఒకటే ఏడుపు. ఇందాకే ఫోను చేసింది.”

కానిస్టేబులు టోపీ తీసేశాడు. మరుక్షణం ఈల గట్టిగా మోగింది. నాలుగు వైపులా బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కానిస్టేబులు మోటారుసైకిలు మీద ముందు దూసుకుపోతుంటే, టాక్సీ ఖాళీ రోడ్డు మీద వెనకే పరుగెత్తింది. ఆగిన కార్లలోంచి కొందరు దర్జీకి చేతులు జోడించారు. ఎందుకో తెలియకపోయినా, బాగుండదని దర్జీ కూడా అందరికీ చేతులు జోడించాడు.

టాక్సీ బడి వైపు తిరగలేదు, ఆసుపత్రి గేటులోకి దూరింది.

“ఇటు కాదు బాబూ, అటు! ఎదురుగా!” అన్నాడు దర్జీ. వినే నాథుడు లేడు. కబురు ముందే అందినట్టుంది, ఆకుపచ్చ దుస్తుల వాళ్ళు నలుగురు తలుపు తీసి, ఐసుపెట్టెను లాక్కుని లోపలికి పరుగు తీశారు.

“నా గుండె! అయ్యో, నా గుండె!” అని కేకలు పెడుతూ దర్జీ వాళ్ళ వెంటపడ్డాడు.

ఆ కేక నర్సు చెవిన పడింది. కోటు వేసుకున్న మనిషి, చెమటలు, ఆయాసం, గుండె గుండె అని అరుపులు. ఆమె ఇంక ఆలోచించలేదు. చక్రాల కుర్చీ తెచ్చి వెనకనుంచి మోకాళ్ళకు తగిలించింది. దర్జీ అందులో కూలబడ్డాడు.

“కదలకండి డాక్టర్! మాట్లాడకండి!”

“నేను డాక్టర్ని కాదమ్మా, దర్జీని!”

“పాపం, సంధి మాటలు కూడా మొదలయ్యాయి,” అంటూ నర్సు కుర్చీని మరింత వేగంగా తోసింది.

కుర్చీ తిన్నగా గుండె డాక్టరు గదిలోకి వెళ్ళి ఆగింది. ఆయన అప్పటికే పెట్టె మూత తీసి, లోపలికి వంగి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆయన ముక్కు ఎగబీల్చాడు. మరోసారి ఎగబీల్చాడు.

“స్ట్రాబెర్రీ,” అన్నాడు.

డాక్టరు తలెత్తి దర్జీ మొహం చూశాడు, ఆ తర్వాత కోటు జేబు మీద కుట్టిన పేరు చదివాడు. “నా కోటు నువ్వు వేసుకున్నావేంటయ్యా?”

దర్జీ గుక్క తిప్పుకోకుండా మొత్తం కథ చెప్పాడు. డాక్టరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. అంచులు కరగడం మొదలైన గుండెను చెంచాతో కొంచెం పక్కకు తిప్పి చూశాడు. “కవాటాలతో సహా పెట్టింది పిల్ల. మా దగ్గరకొచ్చే కొత్త కుర్రాళ్ళే వీటిలో ఒకటి మర్చిపోతుంటారు. సరే, వెళ్ళు. ముందు కోటు ఇప్పు.”

దర్జీ కుర్చీలోంచి లేచి కోటు ఇప్పాడు. ఎర్రగా తడిసిన చొక్కా బయటపడింది. నర్సు కెవ్వుమంది. ఆమె చక్రాల కుర్చీ కోసం వెనక్కి తిరిగేలోగా, దర్జీ పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు. కూడలిలో ఆపిన బండ్లన్నీ ఒక్కసారిగా వదలడంతో, రోడ్డు దాటడానికి మండుటెండలో చాలాసేపు పట్టింది.

తరగతి గది గుమ్మంలో తికమక నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయాయి.

“అయిపోయిందా తల్లీ? టీచర్లు వచ్చి వెళ్ళిపోయారా?”

“అసలు రానేలేదు నాన్నా!”

అంతలోనే సైన్సు మాస్టారు, సంగీతం టీచరు, భాష మేడమ్ రొప్పుతూ వచ్చారు. ముగ్గురూ రోజూ ఒకే కారులో వస్తారు.

“ఆలస్యమైపోయిందమ్మా, ఏమనుకోకు,” అంది భాష మేడమ్. “కూడలిలో బండ్లన్నీ ఆపేశారు. ఎవరో డాక్టరు, సొంత కూతురి గుండెను చేత్తో పట్టుకుని తీసుకెళ్తున్నాడట. మహానుభావుడు! మేమంతా దండం పెట్టాం.”

దర్జీ గబగబా పెట్టెను కూతురి చేతిలో పెట్టేశాడు. ఆ మహానుభావుడెవరో చెబితే పరీక్ష మాట దేవుడెరుగు, ముందు తనను ఎక్కడికి పంపిస్తారో అని భయం వేసింది.

“సరే, గుండె చూపించు,” అన్నారు సైన్సు మాస్టారు.

తికమక పెట్టె మూత తీసింది. ఎర్రటి నీళ్ళు, వాటిలో తేలుతూ రెండు ఐసుముక్కలు. దర్జీ కళ్ళు మూసుకున్నాడు. తన కంగారుతో పిల్ల ఏడాదంతా నీళ్ళపాలు చేశాననుకున్నాడు.

“గుండె ఏదమ్మా?”

“కరిగిపోయింది మాస్టారూ.”

భాష మేడమ్ మొహం వెలిగిపోయింది. “భేష్! చక్కటి ప్రయోగం. ఏం చూసి కరిగింది? అర్థం చెప్పు.”

“దీనికి అర్థం ఏం లేదు మేడమ్,” అంది తికమక. “జాలిపడితే కరగడం వేరు. ఇది ఎండకు కరిగింది.”

ముగ్గురు టీచర్లూ ఒకరినొకరు చూసుకున్నారు. మాట వేరు, వస్తువు వేరు అని ఆ పిల్ల నోట వాళ్ళు వినడం అదే మొదలు.

“మరి గుండె ఎలా పనిచేస్తుందో దేని మీద చూపిస్తావు?” అన్నారు సైన్సు మాస్టారు, గొంతు కాస్త మెత్తబడి.

తికమక చుట్టూ చూసింది. గబగబా వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టింది. “కదలకు నాన్నా.” అతని ఎర్ర చొక్కా మీద సుద్దముక్కతో నాలుగు గదులు గీసింది. రక్తం ఎటునుంచి వస్తుందో, ఊపిరితిత్తులకు ఎలా వెళ్తుందో, తిరిగి ఎటు చేరుతుందో వేలు జరుపుతూ, ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పింది. తర్వాత తండ్రి ఛాతీకి చెవి ఆనించి, అక్కడ వినిపించిన చప్పుడును వినిపించినట్టే ఐసుపెట్టె మీద వేళ్ళతో వాయించింది. పొద్దున్నుంచి పరుగులు పెట్టిన గుండె అది, మోత గది బయటిదాకా వినిపించింది.

సైన్సులో, భాషలో తికమకకు పూర్తి మార్కులు పడ్డాయి. సంగీతం టీచరు మాత్రం, దర్జీ గుండె మధ్యమధ్య తాళం తప్పిందని, కొన్ని మార్కులు కోసేసింది.